తొమ్మిదో పూసల దండ

మిట్టమధ్యాహ్నం... అమావాస్య! మనిషి నీడ అరికాలి కిందికి ముడుచుకుపోయే క్షుద్రఘడియ! అమ్రాబాద్ అడవిలో, సిద్ధులగుట్ట మెట్ల మొదట, మబ్బు తునకైనా లేని ఆకాశం ఫెళఫెళా ఉరిమింది. పట్టపగలు గుడ్లగూబ కూసింది...! నిజాం ఏలుబడిలో అది కరువు సంవత్సరం. అయినా జాతర మాత్రం కిటకిటలాడుతోంది.

మెట్ల పక్కన మాంత్రికుడు ఎల్లస్వామి పళ్లు పటపటా నూరుతున్నాడు. లోకానికి వాడొక పూసలమ్మేవాడు. ముందు గోనెపట్టా మీద ఎర్రపూసల దండలు, వెనుక ఎర్రగుడ్డ కప్పిన వెదురుబుట్ట. ఆ బుట్టలో... నరకపాలం! దాని లోపల ఎనిమిది మంది ఆడపిల్లల ఊపిరులు ఏడాదిగా కొట్టుమిట్టాడుతున్నాయి!

జాతరకొచ్చినవాళ్లు తమ కోసం తక్కువ కొంటారు, ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ల కోసం ఎక్కువ కొంటారు. ఆ మమకారమే ఈ పాపిష్ఠివాడి వల. ఇష్టపడి దండ కొని, అది ఎవరికో నోరారా పేరు చెబితే చాలు... దండ మెడలో పడగానే ఆ మనిషి ఊపిరి కపాలంలో బందీ! బలవంతం చేయరాదు, ఊరికే ఇవ్వరాదు. అది క్షుద్రదేవత శాసనం. ఎనిమిది పేర్లు నిండాయి. నేడు నీడ తూర్పుకు తిరిగేలోగా తొమ్మిదో పేరు పడితే ఆ తొమ్మిది ప్రాణాలూ ఆ దేవతకు నైవేద్యం. ఆపైన వాడికి చావే లేదు!

కాని బేరం తెగాలి కదా, వాడి మొహం మండ! శవం మీద కూర్చుని జపం చేయడం సులువు. భేతాళుణ్ణి లొంగదీయడం సులువు. జాతరకొచ్చిన ఆడవాళ్లకు సరుకమ్మడం... అబ్బే, బ్రహ్మతరం కాదు!

పొద్దున "దర్శనమైనంక కొంటం" అంటూ గుట్టెక్కినవాళ్లు, దిగాక "ముందటి దుకాణంల చూసొస్తం" అన్నారు. చూసొచ్చిన వాళ్లలో ఒకతె పదకొండు దండలు మెడకు పెట్టి చూసుకుని, "మా అత్తకు ఎరుపంటే పడదు, పచ్చయి లేవా?" అని లేచిపోయింది. ఇంకొకతె అంతా కుదిరాక, డబ్బు తీయబోతూ, "కొసరేమిస్తవ్?" అంది. కొసరంటే ఊరికే ఇవ్వడమే... తంతు చెడుతుంది! వాడు కుదరదన్నాడు. "గింత పిసినారోన్ని యాడ చూడలే!" అని ఆమె పక్కకు నడిచింది.

పక్కన పాలమూరు గాజుల మెహమూద్ దుకాణం. డజనుకు ఒక గాజు కొసరిస్తూ ఉంటే జనం బెల్లం మీద ఈగల్లా మూగారు.

"ఎల్లస్వామీ, జర నవ్వు భాయ్! గట్ల గుడ్లురిమితే ఎవలు కొంటరు?" అన్నాడు మెహమూద్.

ఎల్లస్వామి తన నీడను వేలితో కొలుచుకున్నాడు. నీడ ఇంకో వేలెడు జరిగితే ఇన్నేళ్ల సాధన గంగపాలు!

అప్పుడొచ్చింది గుర్వమ్మ. అచ్చంపేట దిక్కు కూలిమనిషి. నిరుడు ఇదే గోనెపట్టా మీద, ఒక్కగానొక్క బిడ్డ యాదలక్ష్మి పేరు చెప్పి, మురిసిపోతూ దండ కొన్నది. పిల్ల మెడలో పడ్డ మరుక్షణం... కెవ్వుమని కేక! కనుగుడ్లు తేలిపోయాయి! నాటి నుంచి పిల్లకు మాట లేదు. ఆ దారాన్ని కొడవలి తెంచలేదు, నిప్పు కాల్చలేదు. ప్రతి అమావాస్య మధ్యాహ్నం మాత్రం ఆ లేత గొంతులోంచి మగగొంతు గర్జించేది: "ఎనిమిది పేర్లు నిండినై! తొమ్మిదో పేరు చెప్పుండ్రి!" అది వినీ వినీ గుర్వమ్మకు తెలిసొచ్చింది. "నా నోటితోనే నా బిడ్డను అమ్ముకొని వస్తినే!" అని గుండెలు బాదుకుంది.

జాతరకొచ్చే వేల మందిలో వాడికి ఈమె మొహం గుర్తులేదు. ఆమెకు వాడి గొంతు మాత్రం మరపురాలేదు.

"నిరుడు కొన్నది బాగలేదయ్యా. వాపస్ తీసుకో," అంది గుర్వమ్మ.

"జాతర సరుకు వాపస్ ఉండదు! కొంటే కొను, లేకుంటే లే!" వాడు బుసకొట్టాడు. "అణాకే ఇస్తున్న... ఎవలకు? పేరు చెప్పు! తొందరగ చెప్పు!"

ఏ పేరు చెప్పినా ఏదో తల్లి కన్నబిడ్డే కదా! గుర్వమ్మ వాడి నుదుటి వంక చూసింది. గుట్టెక్కిన వాళ్లందరికీ ఉన్న పసుపు బండారి బొట్టు వాడికి లేదు.

"గుట్టెక్కి దేవున్ని చూసినవా ఎన్నడన్న?" అని అడిగింది.

పక్క నుంచి మెహమూద్ నవ్వాడు. "పదేండ్ల సంది చూస్తున్న అమ్మా, ఈ ఎల్లస్వామి ఒక్కపారి ఎక్కలే. నేనన్న పోయి కొబ్బరికాయ కొట్టించుకొస్త."

గుర్వమ్మ అణా గోనె మీద పెట్టింది. వాడు ఆత్రంగా, తన చేత్తోనే దండ అందించాడు. "పేరు...!"

"ఎల్లస్వామి. నీకే కొన్న. జాతరకొచ్చి దర్శనం లేనోళ్లకే కదరా కొనేది!"

దండ వాడి మెడలో వేసింది.

వాడి కేక అడవంతా మారుమోగింది! గుట్ట మీద గంట ఎవరూ తాకకుండానే గణగణా మోగింది. పిడుగు...! ఎర్రగుడ్డ కింద కపాలం దవడ తెరిచి తొమ్మిదో ఊపిరిని పీల్చుకుంది... తన యజమానిదే! బలి ఇచ్చేవాడే బలైతే ఇక తంతు నడిపేదెవడు? కొండదేవుడి ఉరుముకు కపాలం పెఠీల్మని పగిలింది. ఎనిమిది ఊపిరులు వేడిగాలై చెట్ల మీదుగా ఊళ్ల వైపు పారిపోయాయి. గోనెపట్టా మీద బూడిద మిగిలింది. "యా అల్లా!" అని మెహమూద్ గాజుల మీదే కూలబడ్డాడు.

గుర్వమ్మ వెనక్కి చూడలేదు. ఆ పగలు, ఆ రాత్రి ఆగకుండా నడిచి ఇల్లు చేరింది. గడపలో యాదలక్ష్మి నిలబడి ఉంది. మెడ బోసిగా ఉంది. కళ్లు తేటగా ఉన్నాయి. ఆ కళ్లు తల్లి మొహం చూడలేదు, ముందు చేతులు చూశాయి.

"అమ్మా, జాతర నుంచి నాకేం తెచ్చినవే?"

"ఏం తేలే బిడ్డా..."

"గంత దూరం పోయి ఉత్త చేతులతోని వస్తరానే ఎవలన్న?" పిల్ల మూతి ముడిచింది.

"తిట్టు బిడ్డా... ఇంకింత తిట్టు!" అంటూ గుర్వమ్మ గడప మీదే కూలబడి బోరున ఏడ్చింది.