నిమిషానికి ఎనభై మిణుకులు

"ఐదువందల తొంభై యూనిట్లా! కళ్లు కనిపించే చదివావా?"

మీటరు చూసే అబ్బాయి స్టూలు మీంచి పడబోయి గోడ పట్టుకున్నాడు. ఎదురుగా మెడలో టేపు, చేతిలో కత్తెరతో ఒక అమ్మాయి. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. అక్క, అక్క మూడు నెలల బాబు ఆమె లోకం. అక్క పెట్టిన పేరు చిచ్చుబుడ్డి.

"పోయిన నెల నూట డెబ్బయ్యే అండీ. కొత్తగా ఏసీ ఏమైనా..."

"పెట్టించాం. బాబుకి చెమటకాయలు లేస్తుంటే చూస్తూ కూర్చోమంటావా? ఒక్క ఏసీ ఇంత తాగుతుందా? మీ ఆఫీసులోనే తేల్చుకుంటా!"

అన్నంత పనీ చేసింది. ఫిర్యాదు రాసిచ్చి వచ్చింది.

మూడోరోజు జోరువాన. అదే అబ్బాయి తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పు నాదని తేలితే పనిలోకి రావద్దన్నారండీ. ఒక్కసారి పరీక్ష చేసుకోనివ్వండి."

చిచ్చుబుడ్డి కత్తెర పక్కన పెట్టి దారి ఇచ్చింది. ఉద్యోగం దాకా వస్తుందని ఆమె అనుకోలేదు.

ఇంట్లో అన్నీ ఆపారు. మీటరు మీది ఎర్రలైటు ఆగింది. ఫ్రిజ్జు, ఫ్యాన్లు వేస్తే నిమిషానికి పదిసార్లు మిణుకుమంది. ఏసీ వేశారు. కాసేపటికి ఆ లైటుకి పూనకం వచ్చినట్టయింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి లెక్కపెట్టారు. ఎనభై!

"ఈ మీటరులో మూడువేల రెండువందల మిణుకులకి ఒక యూనిట్. అంటే గంటకి ఒకటిన్నర యూనిట్," అన్నాడు.

"అమ్మో!"

అరగంట గడిచినా జోరు తగ్గలేదు. "గది చల్లబడ్డాక మధ్యమధ్యలో ఆగాలే! ఇది ఆగట్లేదేంటండీ?"

లోపలికి పరిగెత్తారు. పడకగది తలుపు బార్లా తెరిచి ఉంది. మూసుకోకుండా పీట అడ్డం.

"మూస్తే వంటింట్లోకి వాడి ఏడుపు వినపడదు కదా," అంది అక్క బెదురుగా. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే ఉంచుతా. వాడికేమైనా అయితే?"

నెల్లాళ్లుగా ఆ ఏసీ ఇల్లంతా, వీధి గుమ్మం దాకా చల్లబరచాలని తంటాలు పడుతోంది.

"మీ కుట్టుమిషను బాబు గదిలో వేసుకోండి," అన్నాడతను మెల్లగా. "తలుపు మూసి కుట్టుకుంటూ, వాడు లేస్తే అక్కని పిలవచ్చు."

"మిషను చప్పుడుకి లేవడూ?" అంది చిచ్చుబుడ్డి.

"ఆ చప్పుడు లేకపోతేనే పడుకోడు," అంది అక్క.

చిచ్చుబుడ్డి ముఖం ఎర్రబడింది. "అయితే నువ్వు సరిగ్గానే చదివావు."

"నాకు కళ్లు కనిపిస్తాయండీ."

ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి ఆమె వానలోకే ఉరికింది. అక్క అందించిన గొడుగుతో వెనకాలే అతను. ఒక్క గొడుగు కింద తిరిగొచ్చేసరికి ఇద్దరికీ చెరో భుజం తడిసింది.

మరుసటి నెల మీటరు చూసి అతను అన్నాడు. "మూడువందల పది."

"నిజమేనా? మళ్లీ చూడు."

"నాలుగుసార్లు చూశానండీ."

"ఇంకోసారి చూడు. తొందరేముంది?"

అతను చూడలేదు. గొంతు సవరించుకున్నాడు. "రేపు మా అమ్మని తీసుకురానా? మీటరు చూడ్డానికి కాదు, మిమ్మల్ని చూడ్డానికి."

చిచ్చుబుడ్డి చేతిలో కత్తెర ఠంగుమని కింద పడింది.

లోపల్నుంచి అక్క అరిచింది. "తీసుకురా అబ్బాయ్! నేనంటే బాబు ఏడుపు కోసం తలుపు తీశాను. ఇది పొద్దున్నుంచీ వీధి తలుపు ఎందుకు తీసిపెట్టిందో ఇప్పుడర్థమైంది!"