చీటీలో మూడు వాక్యాలు

పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతూనే కోడలు మనసులో గేర్లు మార్చుకుంటోంది. క్లచ్, ఒకటి, వదులు. క్లచ్, రెండు. ఇవాళ ఆమెకు డ్రైవింగ్ పరీక్ష.

అద్దం ముందు జడ వేసుకుంటున్న అత్తగారికీ ఇవాళ పరీక్షే. డ్రైవింగ్ పరీక్షల శాఖ మొత్తాన్ని కాగితాల నుంచి కంప్యూటర్లకు మార్చే పని నాలుగేళ్ళుగా ఆవిడ నెత్తిన ఉంది. పెన్సిలుతో వేసిన మార్కులు, ఆ తర్వాత వాటిని చెరిపే రబ్బరు, గేటు దగ్గర బేరమాడే దళారులు, అన్నిటికీ సెలవిచ్చి మైదానంలో కెమెరాలు పెట్టించింది. కొత్త పద్ధతి ఇవాళే మొదలు.

"భయంగా ఉందత్తయ్యా."

"ఉండనీ. ధైర్యం ఎక్కువైనవాళ్ళే గోడలకు గుద్దుతారు. కానీ ఒక్కటి గుర్తుంచుకో. అక్కడ నేను నీకు అత్తను కాను. పలకరించను కూడా."

కోడలు తలూపింది. ఆమెకు లైసెన్సు సరదా కోసం కాదు. పోయిన నెల పాపకు ఆయాసం వచ్చిన రోజు భర్త డ్యూటీలో ఉన్నాడు, అత్తగారు ఊళ్ళో లేరు. ఇంటి ముందు కారుంది, తాళం మేకుకు వేలాడుతోంది. అయినా పిల్లను గుండెకు హత్తుకుని అంబులెన్సు కోసం నలభై నిమిషాలు వీధిలో నిలబడింది. సోమవారం నుంచి భర్తకు మూడు నెలలు పొరుగూళ్ళో పని. బుధవారం నుంచి అత్తగారు మిగతా ఊళ్ళలో ఈ పద్ధతి పెట్టించడానికి తిరగాలి. ఇక ఇంట్లో తనూ, పాపా.

మధ్యాహ్నానికి ఫలితం చేతికొచ్చింది. ఫెయిల్. పై మాటా, పక్కనున్న మార్కులూ చూడగానే చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో కుక్కేసింది.

సాయంత్రం అత్తగారు వెలిగిపోతున్న ముఖంతో గుమ్మంలోకి వచ్చింది. "రెండు వందల పన్నెండు మంది. ఒక్క గొడవ లేదు. ఒక్క దళారీ లేడు."

కొడుకు ఆ సంతోషంలో పాలు పంచుకోలేదు. "నీ కోడలు ఎంతలో పోయిందో తెలుసా అమ్మా? రెండే రెండు మార్కులు."

"తెలుసు. చూశాను."

"చూసి ఊరుకున్నావా? అంత పెద్ద ఆఫీసరువి, ఒక్క మీట నొక్కితే అయిపోయేదిగా."

"ఆ మీట లేదురా. పరీక్ష అయ్యాక మార్కు మార్చే వీలు ఎవరికీ ఉండకూడదని పట్టుబట్టిందే నేను. ఎవరికీ అంటే నాకు కూడా."

"బాగుంది. ఊరందర్నీ ఉద్ధరించి ఇంట్లోవాళ్ళకి చెయ్యిచ్చావు."

వంటింట్లోంచి కోడలు వచ్చింది. గొంతు పెంచలేదు. "ఆవిణ్ణేం అనకండి. ఆవిడకి ఆ కంప్యూటర్లే కన్నబిడ్డలు. వాటి ముందు నేనెంత, మనవరాలెంత."

చెప్పులు విప్పుతున్న అత్తగారి చెయ్యి ఆగిపోయింది.

"చీటీ చదివావా?" అంది.

"చదవడానికేముంది. ఫెయిల్ అని ఉంది. నాకు కొత్తేం కాదు."

పదో తరగతి ఫలితాల రోజు బడి గోడకు అంటించిన కాగితంలో తన నంబరు లేదు. లెక్కల్లో పోయిందో, సైన్సులో పోయిందో కనుక్కున్నవాళ్ళు లేరు. ఇక చాల్లే అన్నారు ఇంట్లో. చాలించింది.

"ముందు చదువమ్మా."

కోడలు పర్సు తెరిచి మడతలు విప్పింది. ఫెయిల్ అన్న మాట కింద మూడు వాక్యాలున్నాయి. వేలు పెట్టి మెల్లగా పైకే చదివింది. "వెనక్కి వచ్చేటప్పుడు ఎడమ అద్దం చూడలేదు. మలుపులో ఇండికేటర్ ఆలస్యంగా వేశారు. ఎత్తు మీద ఆపిన బండిని జారకుండా కదిలించడం చాలా బాగుంది."

చివరి వాక్యం దగ్గర వేలు కదల్లేదు. "ఇదెవరు రాశారు?"

"నీ పక్కన కూర్చున్న అధికారి. తప్పేమిటో, ఒప్పేమిటో రాయకపోతే ఫలితం నమోదే కాదు. పైవాళ్ళు పాసో ఫెయిలో చాలన్నారు. ఆ మూడు వాక్యాల కోసం ఎనిమిది నెలలు పోట్లాడాను." అత్తగారు కుర్చీలో కూలబడింది. "నేను పరీక్షలు పెట్టే రోజుల్లో ఒకామె నాలుగోసారి పోయి, నా తప్పేంటమ్మా అని అడిగింది. కాగితంలో అడ్డగీత తప్ప ఏమీ లేదు. నోరెత్తలేకపోయాను. ఆమె మళ్ళీ రాలేదు."

కోడలికి కళ్ళు నిండిపోయాయి. "అప్పుడు నాకెవరూ చెప్పలేదత్తయ్యా."

"ఇప్పుడు చెప్పారుగా. వారంలో మళ్ళీ పరీక్షకు వెళ్ళొచ్చు. ఏడుపాపి కారు తాళం తీసుకో."

"మరి బుధవారం నీ టూరు?" అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి.

"వారం వెనక్కి జరుపుతున్నా. మార్కు జరపలేను గానీ, టూరు జరపగలనుగా."

ఆ వారమంతా సాయంత్రాలు పెరట్లో రెండు బకెట్ల మధ్య కారు వెనక్కి వచ్చింది. మనవరాలిని చంకనెత్తుకుని అత్తగారు దూరంగా నిలబడి "ఎడమ అద్దం!" అని అరిచేది. ఒకరోజు ఎర్ర బకెట్టు చక్రం కింద నలిగిపోయింది. "పోయింది పాపం. దాని వాళ్ళకి కబురు పెట్టు," అంది అత్తగారు. కోడలు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వింది. మర్నాడు మిగిలిన బకెట్టు బతికింది, ఆ మర్నాడూ బతికింది.

వారం తిరిగాక కోడలు మళ్ళీ మైదానం వరుసలో నిలబడింది. వెనక ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"విన్నావా, ఇక్కడి పెద్దాఫీసరు సొంత కోడలు పోయినా పట్టించుకోలేదట."

"అమ్మో, ఏం మనిషో."

"ఏం మనిషంటావేం? ఆ మాట విన్నాకే దళారిని వదిలేసి నేరుగా వచ్చాన్నేను. కోడలికే లేని దొడ్డిదారి ఇంకెవరికుంటుంది?"

వారం కిందట అయితే కోడలు తల దించుకునేది. ఇప్పుడు వెనక్కి తిరిగి వాళ్ళ కళ్ళలోకి చూసింది.

"ఆ పోయిన కోడల్ని నేనే," అంది. "ఆవిడ మా అత్తగారు."