తడి కాగితాల దొంతర

అక్క చెప్పుల్లేకుండా వచ్చింది. తల దువ్వుకోకుండా గడప దాటని మనిషి, జుట్టంతా రేగిపోయి రచయితగారి గది గుమ్మం పట్టుకుని నిలబడేసరికి ఆయన కాగితాలకు సాఫీ ప్రతి రాస్తున్న రాతగాడి చేతిలో కలం ఆగిపోయింది.

"మీ బావని తీసుకెళ్ళిపోయార్రా. ప్రెస్ ఓనర్ని చంపేశాడంట. రేపు పొద్దున్నే పెద్ద జైలుకి పంపేస్తారంట. ఆ గేటు దాటాక ఇంకెవరు వింటార్రా మన మాట?"

రచయితగారి దస్తూరి కోడి కెలికినట్టు ఉంటుంది. దాన్ని శుభ్రంగా తిరగరాయడమే రాతగాడి ఉద్యోగం. ప్రెస్సులో అక్షరాలు కూర్చే కంపోజిటర్ అయిన బావ ఆ కాగితాలు చూసి ఒక దండం పెట్టి, ఈ ఉద్యోగం పుట్టించి మరీ బావమరిదికి వేయించాడు. తింటున్న తిండి బావ చలవే.

రచయితగారిని వీధిలో వాళ్ళు చాటున 'సిరాబుడ్డి' అంటారు. నవలల్లో హత్యలు చేయించీ చేయించీ, ఊళ్ళో జరిగే హత్యల్లో కూడా వేలు పెట్టడం ఆయనకు అలవాటైపోయింది. పోలీసులకంటే ముందే దోషిని పట్టుకున్న సందర్భాలు ఉండబట్టి ఇన్‌స్పెక్టర్ ఆయన్ని రావద్దని అనలేడు, రమ్మని పిలవనూ లేడు. పైగా ఆయన కొత్త నవల ఆ ప్రెస్సులోనే అచ్చవుతోంది.

"గొడవేమైనా జరిగిందామ్మా?" అన్నారాయన, అప్పటికే కోటు తొడుక్కుంటూ.

"జరిగిందండి. నిన్న ఈయన కూర్చిన అక్షరాల పేజీని ఓనరు కోపంగా నేలకేసి కొట్టాడంట, అన్నీ చెదిరిపోయాయంట. నీ అంతు చూస్తానని ఈయన అందరి ముందూ అరిచాడు. సాయంత్రం మళ్ళీ తనే వెళ్ళి, అంతా కూర్చి వచ్చాడు. ఈయన బయటికి రావడం వీధి దీపాలు వెలిగించేవాడు చూశాడంట."

"అప్పటికి యజమాని బతికే ఉన్నాడా?"

"ఉన్నాడనే అన్నాడండి. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదంట. మా ఆయనకి కోపం ఎక్కువే, కాదనను. కానీ మా ఇంట్లో ఎలుకని కూడా నేనే చంపాలి."

గుర్రబ్బండిలో రాతగాడికి కుదురు లేదు. బావ కోపం తెలిసినవాడు కాబట్టి, ఎక్కడో లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉంది. పక్కన అక్క చేతులు పిసుక్కుంటోంది. రచయితగారు మాత్రం బండివాణ్ణి తొందరపెడుతూనే ఉన్నారు.

ప్రెస్సు వెనక గదిలో ఇనప చేతి ప్రెస్సు, దాని పక్కన పొడవాటి బల్ల ఉన్నాయి. శవాన్ని అప్పటికే తీసుకెళ్ళారు. తల పగలగొట్టిన ఇనప కడ్డీ, అదే ప్రెస్సును బిగించేది, ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంది. బల్ల మీద తడి కాగితాల దొంతర అలాగే ఉంది.

చేతి ప్రెస్సులో పొడి కాగితం సిరాను సరిగ్గా పట్టదు. అందుకని ముందురోజే కాగితాల్ని తడిపి, దొంతర పేర్చి, పైన చెక్క పలకా, దాని మీద రాయీ పెడతారు. తేమ సమంగా పాకాలంటే కాసేపయ్యాక పై నుంచి గుప్పెడేసి కాగితాలు తీసి బోర్లిస్తూ, దొంతర మొత్తాన్ని తలకిందులు చెయ్యాలి. నవల అచ్చవుతున్నన్నాళ్ళూ ఇక్కడే తచ్చాడుతూ ప్రెస్ మేస్త్రిని విసిగించే రచయితగారికి ఇవన్నీ కొట్టినపిండి.

ఆయన దొంతర దగ్గర వంగి చాలాసేపు చూశారు. రాతగాడూ చూశాడు. పలక మీద రక్తం గడ్డకట్టి, అంచు దాటి కారింది. కింద కాగితాల దొంతర పక్క అంచుల మీద మరక ఉంది. అడుగున అరచెయ్యంత వెడల్పుగా ఉండి, పైకి వచ్చేకొద్దీ సన్నబడి, మధ్యమధ్య మెట్లు మెట్లుగా తెగి, పలకను చేరకముందే మాయమైపోయింది. రాతగాడు మొహం తిప్పుకున్నాడు.

ముందు యజమాని తమ్ముణ్ణి పిలిచారు. మెరిసే బూట్లవాడు, గడప దగ్గరే ఆగాడు.

"మీ అన్నగారికి పిల్లలు లేరు కదా?"

"లేరు. ప్రెస్సు నాకే వస్తుంది. అదేగా మీరడగబోయేది?"

"తెలివైనవారు. వస్తే ఏం చేస్తారు?"

"అమ్మేస్తాను. అన్నయ్య ఆవిరితో అచ్చువేసే మెషీన్ తెప్పిస్తున్నాడు, ఈ పాత ఇనుమంతా తూకానికి ఇచ్చేస్తానన్నాడు. నాకు ఇందులో ఏ పనీ రాదు. బట్టలకి మసి అంటుతుందని ఈ గదిలోకే రాను."

తర్వాత మేస్త్రి వచ్చాడు. జుట్టు నెరిసినా ముంజేతులు ఇంకా దుంగల్లా ఉన్నాయి. బావను కుర్రతనంలో ఈ ప్రెస్సుకు తెచ్చి పనిలో పెట్టింది ఆయనే. అక్క "బాబాయ్" అంటూ ఎదురెళ్ళింది. ఆయన తలొంచుకున్నాడు.

"నిన్న సాయంత్రం ఏం చేశావు మేస్త్రీ?"

"కాగితం తడిపి, పలకా రాయీ పెట్టి వెళ్ళిపోయానండి. రోజూ అయితే భోంచేసి వచ్చి తిరగేసేవాణ్ణి. నిన్న ఒళ్ళు వెచ్చబడి రాలేదు. పొద్దున్న తలుపు తీస్తే ఇదీ సంగతి."

"పొద్దున్న తిరగేశావా?"

"మనిషి అక్కడ పడుంటే ఇంకేం తిరగేస్తానండీ. పోలీసుల్ని పిలిచాను, వాళ్ళు తాళం వేశారు."

"నువ్వు రాకపోతే ఇంకెవరైనా తిరగేస్తారా?"

"నా కాగితం ఎవరు ముడతారండీ? తడి మీద ఉంటుంది, చెయ్యి తెలియనివాడు పట్టుకుంటే చిరుగుతుంది. మా కంపోజిటర్ వేళ్ళకి ఎప్పుడూ మసే. దగ్గరికొస్తే చెయ్యి విరగ్గొడతానంటాను."

రచయితగారు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగారు. "కంపోజిటర్‌ని ఇక్కడికి రప్పించండి. అందరూ ఇక్కడే ఉండండి."

"మాస్టారూ, ఇది మీ నవల కాదు."

"కాదు కాబట్టే తొందరపడుతున్నాను. ఇందులో తప్పు రాస్తే కొట్టేసి తిరగరాయడానికి ఉండదు."

సంకెళ్ళతో వచ్చిన బావ అక్కను చూసి, ఆ చేతుల్ని చొక్కా కింద దాచుకోబోయాడు. రచయితగారు దొంతర పక్కకు వెళ్ళారు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, పలక మీది రక్తం అంచు దాటి కారింది. కారితే పైన ఎక్కువా కింద తక్కువా ఉండాలి. ఇక్కడ అడుగున ఎక్కువుంది, పైన అసలు లేదు. రక్తం పైకి పాకదు కదా?"

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. లేచేసరికి మొహంలో రంగు మారింది. "దొంతర తలకిందులైంది."

"హత్య జరిగాక ఎవరో పలక తీసి, కాగితాలు తిరగేసి, మళ్ళీ పలక పెట్టారు. గుప్పెడు గుప్పెడుగా తీశారు కాబట్టే మరక మెట్లు మెట్లుగా తెగింది." ఆయన పలక తీయించి, కాగితాలు నెమ్మదిగా విడదీసి చూపించారు. ఒక్కటీ చిరగలేదు. ఎక్కడా మసి వేలిముద్ర లేదు. "తమ్ముడుగారికి ఇలా చెయ్యాలనే తెలియదు. కంపోజిటర్ ముట్టుకుంటే ముద్రలు పడేవి. నువ్వు రాలేదంటున్నావు. మరి నీ కాగితం ఎవరు తిరగేశారు మేస్త్రీ?"

మేస్త్రి దొంతర వంక చూశాడు. నిజంగా ఆశ్చర్యపోయినట్టే చూశాడు.

"తిరగేశానా?" అన్నాడు. తనే తల ఊపాడు. "తిరగెయ్యకపోతే కాగితం పాడైపోతుంది కదండీ."

మేస్త్రి తన చేతుల వంక చూసుకున్నాడు.

"భోంచేసి తిరగెయ్యడానికే వచ్చానండి. మెషీన్ వస్తే ఇక కాగితం తడపక్కర్లేదన్నాడు ఓనరు. ఇనుముతో పాటు నిన్ను కూడా తూకానికి వేస్తే ఎంతొస్తుందో అని నవ్వాడు. కడ్డీ చేతికి అందింది. తర్వాత చేతులు ఏం చేశాయో నాకు తెలియలేదు."

అక్క ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది. "పొద్దున్న మా ఆయన్ని లాక్కెళ్తుంటే నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదా బాబాయ్. మరి చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదమ్మా. అడిగితే చెప్పేద్దామనే ఎదురుచూస్తున్నాను."

"అయ్యగారు అడిగారుగా. జ్వరమన్నావు."

మేస్త్రి రెండు చేతులూ ముందుకు చాపాడు. ఇన్‌స్పెక్టర్ బావ చేతుల సంకెళ్ళు విప్పి ఆ దుంగల్లాంటి చేతులకు వేయబోతే సరిపోలేదు. చివరికి తాడు తెప్పించాల్సి వచ్చింది. బావ అది చూడలేక గోడవైపు తిరిగి ఏడ్చాడు. రచయితగారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. గెలిచిన సంతోషం ఆయన మొహంలో ఎక్కడా లేదు.

అక్క బావ మణికట్టు పట్టుకుని వీధిలోకి నడిపించింది. రాతగాడు వాళ్ళ వెనకే నడిచాడు. పనులు ముగిసే వేళ, వీధంతా మనుషులు. దుకాణాల వాళ్ళు బయటికొచ్చి మరీ చూస్తున్నారు.

"చెయ్యి వదలవే," అన్నాడు బావ, తలొంచుకుని. "అందరూ చూస్తున్నారు."

"చూడనీ," అంది అక్క, పట్టు ఇంకాస్త బిగిస్తూ. "పొద్దున్న తీసుకెళ్ళేటప్పుడు కూడా అందరూ చూశారు."