గీతకు పైన

చిక్కడపల్లిలో ఆ పొద్దున కుళాయి కాస్త ముందే వచ్చింది. హైమవతి బిందె పెట్టగానే వెనక గదిలో తండ్రి వెంకటరామయ్య ఉలిక్కిపడి లేచాడు. తుఫాను వాళ్ళ రేవుపట్నాన్ని ముంచేసి నెలన్నరైంది. నీళ్ళ చప్పుడంటే ఆయనకి ఇంకా భయమే.

భయం ఉన్నా పంతం మాత్రం తగ్గలేదు. పట్నాన్ని మళ్ళీ అక్కడే కట్టాలని రోజూ అల్లుడి ప్రాణం తోడేస్తున్నాడు. అల్లుడు కాశీవిశ్వనాథం సర్కారు ఇంజనీరు. కట్టాలా, వదిలేయాలా అన్న నివేదిక ఆ రోజే ఇవ్వాలి. నారాయణగూడలో బస్సెక్కేలోపు అది పూర్తి కావాలి.

వాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చిన విద్యావతి చాయ్ తెచ్చింది. "ఏంది తాతా, మల్ల ఆ సముద్రం కాడికే పోతవా? ఇక్కడ్నే ఉండరాదు? బిడ్డ పరేషాన్ అయితున్నది."

"మా ఊళ్ళో దీపం పెట్టేవాడొకడు ఉండొద్దామ్మా?" అన్నాడాయన.

ఆవిడ నిట్టూర్చి వెళ్ళిపోయింది. కాశీవిశ్వనాథం పటం పరిచి, నీళ్ళు ఎంతదాకా వచ్చాయో ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు.

"దీనికి పైన అయితే కట్టొచ్చు మామయ్యగారూ. రాయి పాతించి గుర్తు చెక్కిస్తాం."

"అదీ మాట!" పెద్దాయన మొహం వెలిగింది.

హైమవతి చేతిలో గరిటె విసిరికొట్టింది.

"ఇంకో గుర్తా? పాతది చాల్లేదా నాన్నా? చావడి గోడ మీద మీ తాత చెక్కించిన గీత చూపించి, నీళ్ళు దీన్ని దాటవని జనాన్ని అక్కడే ఆపింది నువ్వు కాదూ? ఊరు ఖాళీ చేయించే లారీ ఎక్కిన అమ్మని చెయ్యి పట్టుకుని దింపావు!"

"హైమా!" అని అరిచాడు భర్త.

వెంకటరామయ్య పటం ముందుకు జరిగాడు.

"దింపాను. నా మాట నమ్మి దిగింది, నీళ్ళలో పోయింది. ఊరు మళ్ళీ లేస్తే నా తప్పు కాస్తయినా తగ్గుతుందనుకున్నానే తల్లీ."

ఆయన వేలు పటం మీద ఎర్ర గీత వెంట మెల్లగా వెళ్ళి ఆగింది.

"కట్టొద్దని రాయండి అల్లుడుగారూ. ఈ గీత కూడా చెరిపేయండి. ఇది ఉంటే, దీన్ని నమ్మి ఎవడో పెళ్ళాం చెయ్యి పట్టుకుని నిలబడిపోతాడు."

హైమవతి ఆయన ఒళ్ళో తల పెట్టి భోరుమంది. ఆయన చెయ్యి కూతురి జుట్టు నిమురుతూనే ఉంది. కాశీవిశ్వనాథం రబ్బరు తీసుకుని కాగితం చిరిగేలా రుద్దాడు.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు.

"ఇంకా కనిపిస్తోంది నాయనా," అన్నాడు.