నీళ్ళకు వచ్చిన రోగం

ఆదివారం పొద్దుగాల నవనీత ఒక్కతే వచ్చి కరీంనగర్‌ల పశువుల ల్యాబ్ తాళం తీసింది. బోథ్ దిక్కు ఒక పల్లె నుంచి పదకొండు పశువుల పొక్కుల మీది చెక్కులు పరీక్షకు వచ్చినయి. చూడంగనే పశువుల తోలుకు గడ్డలు లేపే లంపీ వైరస్ అనిపించింది. ఊరోళ్ళు మాత్రం అనసూర్య అనే ముసలామె బాణామతి చేసిందంటున్రు. ఇయ్యాల సాయంత్రం ఐదింటికి ఊళ్ళె పంచాయితి. ఆలోపు రిపోర్టు పోకుంటే ఆమెను బతకనియ్యరు.

రోగం పట్టే పీసీఆర్ మిషన్ల పదకొండు ట్యూబులు పెట్టింది. రోగముంటే తెర మీద గీత పైకి లేస్తది. పన్నెండోది ఉట్టి నీళ్ళది. నీళ్ళకు రోగముండదు గదా! దాని గీత లేచిందంటే పరీక్షే చెల్లదు.

గీత లేచింది.

"నా చెయ్యే మంచిగ లేదు" అనుకుంట, కొత్త గ్లౌజులు, కొత్త నీళ్ళతోని మళ్ళ పెట్టింది. మిట్టమధ్యాహ్నం. కరెంటుండంగనే ఫ్యాను ఆగింది. కాలిన వెంట్రుకల వాసన... ఈసారి నీళ్ళ గీతే అన్నిటికన్న ముందు లేచింది.

చెవి పక్కన ఎవలో ముసలామె ఊపిరి తీసిన సప్పుడు.

"నాకు గూడ... చూడు..."

మొండోడు రాజు కన్న బలవంతుడంటరు, నవనీతకు భయం కన్న కోపమే ముందొస్తది. "ఎవలే నువ్వు? ఈడ ఒకామె పానం మీదికొచ్చింది, అడ్డం రాకు!"

"నన్ను గూడ గట్లనే అని... గా ఊరోళ్ళే కాలవెట్టిన్రు... అప్పుడు ఎవలు చూడలే..."

"చూస్త. గని నీళ్ళల్ల జొరబడకు. నీ ట్యూబు నీకే." ఖాళీ ట్యూబు మీద 'పేరు తెల్వదు' అని రాసి పదమూడో గుంతల పెట్టింది.

మూడోసారి నీళ్ళు శుభ్రం. పదకొండు పశువులకు లంపీ. పదమూడోదాంట్ల ఏ రోగం లేదు.

"చూసినవా అవ్వా? నీ తప్పేం లేదు." నవనీతకు ఏడుపొచ్చింది. కండ్లు తుడుచుకొని రిపోర్టు పంపింది.

ఐదింటికి ఆ ఊరి సర్పంచ్ సిద్దిరాములు ఫోన్ చేసిండు.

"అనసూర్యమ్మను ఏమనం మేడం. గని గీ రెండో పేజీ..."

"నేను పంపింది ఒక్కటే పేజీ!"

"దీంట్ల పంచాయితికి కూసున్న మా అందరి పేర్లున్నయి. పక్కన పాజిటివ్ అని... తారీకులు..."

"ఏం తారీకులు?"

"రోజుకొకలది మేడం. రేపటిది... నాది."