మంచుగడ్డల కొట్టంలో తెల్లటి తల

నేను చెప్పేదాంట్లో గోరంత అబద్ధం ఉన్నా నా నోట్లో మిగిలిన ఈ రెండు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి. ఒట్టు.

కార్విల్ ఊరి చివర, కాలేజీ వాళ్ళ ఆటమైదానం పక్కన, ఏటి ఒడ్డున, చలికాలం ఏట్లో కోసిన మంచుగడ్డల్ని రంపంపొట్టులో దాచిన కొట్టం ఒకటి పాడుబడి ఉంది చూశావూ... చీకటి పడ్డాక గుర్రాలు కూడా దాని పక్కన నడిచేవి కావు. కళ్ళు మూసుకుని పరిగెత్తేవి.

ఎందుకంటే, ఆ మైదానంలో ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడుతూ ఓ కుర్రాడు ఇరవై మంది కింద నలిగి, మెడ విరిగి చచ్చిపోయాడు. ఆ చప్పుడుకి పక్క జిల్లాలో పాలు విరిగిపోయాయట. అప్పట్నుంచీ అతని తల ఒక్కటే — తెల్లగా, మొండెం లేకుండా — మైదానంలో తిరుగుతుందని చెప్పుకునేవారు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే ఆట కాదమ్మా, యుద్ధం. మనిషి తలకాయంత బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాణ్ణి తొక్కేసి, అవతలి గీత దాటించాలి.

పక్క ఊరు బెల్డన్‌లో ఇంకో కాలేజీ. అందులో ఎనోస్ టటిల్ అని ఓ కుర్రాడు. జట్టులో ఉన్నాడన్నమాటే గానీ, ఆ ఏడు సీజనంతా మైదానంలోకి దిగకుండా పక్కన బల్లమీదే కూర్చున్నాడు. అతను కూర్చున్నచోట బల్ల గుంటపడింది.

బెల్డన్ వాళ్ళకో ఆచారం ఉంది. సీజను చివర కార్విల్‌తో జరిగే ఆటలో కాలు పెట్టినవాడికే స్వెట్టరు మీద ‘బి’ అక్షరం కుట్టిస్తారు. మిగతావాళ్ళు ఉత్త స్వెట్టరుతో ఇంటికి పోవాల్సిందే. ఎనోసేమో ఆ అక్షరం ఎప్పుడో వచ్చేసిందని తల్లికి గొప్పలు పోయాడు. ఆవిడ సంతోషం పట్టలేక, కొడుకు ఆట చూడ్డానికి బండిచక్రాలంత ఆపిల్ పై రొట్టెలు కాల్చుకుని శనివారం రైలుకి దిగుతానంది.

ఎనోస్ వెళ్ళి కెప్టెన్ హైరమ్ వోస్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. హైరమ్ తాపీగా గడ్డం గోక్కున్నాడు. కార్విల్ వాళ్ళు ఈ ఏడు ఒక్క ఆటా గెలవలేదట, ఇప్పుడు చీకటి పడ్డాక మైదానంలో ఏదో రహస్యంగా సాధన చేస్తున్నారట. అదేమిటో చూసొస్తే శనివారం ఆటలోకి దింపుతానన్నాడు.

“అక్కడ ఆ తల తిరుగుతుందంటారు కదా...” అని నసిగాడు ఎనోస్.

“తలకి కాళ్ళుండవురా. నీకున్నాయిగా,” అన్నాడు హైరమ్.

వెళ్ళాడు. మంచుగడ్డల కొట్టంలో దూరి, తడి రంపంపొట్టులో మోకాళ్ళమీద కూర్చుని, చెక్కల సందులోంచి చూశాడు. కాటుక చీకటి. మాట లేదు, దీపం లేదు...

అంతలో నేలమీంచి ఏదో లేచింది.

తెల్లగా... గుండ్రంగా... తలకాయంత!

అది గాల్లో తేలింది. ఆగింది. పక్కకి జారింది. దాని కింద ధబధబమని అడుగులు, దబ్బుమని ఏదో కూలిన చప్పుడు, ఆ వెంటనే మూలుగు... మళ్ళీ లేచింది. ఈసారి పైపైకి, చుక్కల దాకా ఎగిరి — తిన్నగా అతనివైపే వచ్చి — విరిగిన తలుపు సందులోంచి దూరి ఒళ్ళో పడింది.

చల్లగా ఉంది. తడిగా ఉంది. చేతులకి తెల్లగా అంటుకుంది.

అప్పుడు వెనకనుంచి, చెవి పక్కనే, ఎవరో ఊపిరితో అన్నట్టు...

“ఇటివ్వు...”

ఎనోస్ దాన్ని బయటికి విసిరేసి, ఏరు దాటేశాడు. వంతెన మీంచి కాదు. బూట్లు అతనికన్నా ముందే బెల్డన్ చేరాయంటారు.

తలని చూశానంటే నవ్వుతారు, ఏమీ చూళ్ళేదంటే దింపరు. అందుకని కార్విల్ వాళ్ళు ఎడంపక్క నుంచే వస్తారని కెప్టెన్‌కి నోటికొచ్చింది చెప్పేశాడు.

శనివారం కార్విల్ మైదానంలో బెల్డన్ జట్టంతా ఎడంపక్కకే గుంపుకట్టింది. కార్విల్ వాళ్ళు కుడిపక్కన వస్తున్నా వీళ్ళు ఎడంపక్కనే ఎదురుచూశారు. అయినా పొద్దువాలేదాకా ఎవరూ గీత దాటలేదు, అంత చక్కగా ఆడుతున్నారు కార్విల్ వాళ్ళు. చివరి నిమిషాల్లో హైరమ్ మాట నిలబెట్టుకుని ఎనోస్‌ని అందరికన్నా వెనకాల, గీత దగ్గర నిలబెట్టాడు. తల్లి గొడుగు ఊపింది.

కార్విల్ వాడు బంతిని ఆకాశానికి తన్నాడు. మసకవెలుతుర్లో అది దిగుతుంటే దాని కుట్లలో తెల్లగా ఏదో మెరిసింది. ఎనోస్ చేతుల్లో పడింది. చల్లగా... తడిగా...

ఎదురుగా ఒకడు పరిగెత్తుకొస్తున్నాడు. గడ్డం కిందనుంచి నడినెత్తి దాకా గుడ్డ కట్టి ఉంది, పాడెమీద శవానికి కట్టినట్టు.

“ఇటివ్వు...”

ఎనోస్ ఇచ్చేశాడు. రెండు చేతులతో, కాస్త వంగి మరీ ఇచ్చాడు.

గుడ్డ కట్టుకున్నవాడు నడుచుకుంటూ గీత దాటాడు. ఆ ఏడు కార్విల్ గెలిచిన ఆట అదొక్కటే. మావాడికి ఎంత మర్యాదో చూశారా అని ఎనోస్ తల్లి పక్కవాళ్ళకి చెప్పింది. ఆచారం ఆచారమే కాబట్టి హైరమ్ ఆ అక్షరం కుట్టించక తప్పలేదు. అదీ వంగి, రెండు చేతులతో ఇచ్చాడు.

ఆట అయ్యాక ఎనోస్ తల్లి తెచ్చిన పై రొట్టెలు రెండు జట్లకీ పంచారు. ఎనోస్ ఉండబట్టలేక ఆ చీకటి సంగతి కక్కేశాడు. కార్విల్ కెప్టెన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

“సున్నంరా బాబూ, గోడలకేసే సున్నం! పగలంతా మొక్కజొన్న కోతలకి పోతాం. సాధనకి చీకటే మిగిలింది. తెల్లగా పూయకపోతే బంతి ఎలా కనబడుతుంది? ఉన్నదా ఒక్కటే బంతి, కడిగినా కుట్లలోది పోలేదు.”

ఎనోస్‌కి ప్రాణం లేచొచ్చింది. గుడ్డ కట్టుకున్నవాడి వైపు తిరిగి, బంతి అడిగితే అడిగావు గానీ అంత భయంకరంగా అడగాలా అన్నాడు.

అతను గడ్డిపుల్లతో పాలు పీల్చుకుంటున్నాడు.

“లూథరా?” అన్నాడు కెప్టెన్. “వాడికి దవడ విరిగి మూడు ఆటలైంది. డాక్టరు తీగతో పళ్ళు బిగించేశాడు. వాడు మాట్లాడ్డమేంటి?”

“మరి ఆవేళ కొట్టంలో నన్ను అడిగిందెవరు...”

కెప్టెన్ నవ్వు ఆగింది. “కొట్టంలోనా? బంతి అందులో పడితే మాలో ఎవడికీ లోపలికెళ్ళే ధైర్యం లేకపోయింది. ఇంతలో అదే బయటికొచ్చింది... అందుకేగా మేమూ పరిగెత్తాం.”

అదమ్మా సంగతి. సరేగానీ, పొద్దున పాలబాల్చీ ఆ కొట్టం గుమ్మంలోనే మరిచిపోయి వచ్చాను. నీకు కాళ్ళున్నాయిగా, వెళ్ళి పట్టుకురా. ఎవరైనా అడిగితే పాలు పొయ్యి, రెండు చేతులతో. బాల్చీ మాత్రం వెనక్కి తే.