చిటపట కత్తిరించిన దారాలు

చిటపటకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఏదో ఒక రోజు అమ్మమ్మ తనను చూసి, "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతుందని.

లోపల ఉన్నంతసేపూ అది భయమే. నోట్లోంచి బయటికి వచ్చేసరికి మాత్రం కోపమయ్యేది. అందుకే ఇంట్లో అందరూ ఆ పిల్లను చిటపట అనేవారు.

ఆ మధ్యాహ్నం కూడా బడి నుంచి వస్తూనే బ్యాగు మూలకు విసిరింది. అమ్మమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది.

"అమ్మమ్మా, పొద్దున యోగాలో మొదట ఏం చేశాం?"

"చేతులు పైకెత్తాం."

"తర్వాత?"

అమ్మమ్మ గోడకేసి చూసింది, అక్కడేదో రాసి ఉన్నట్టు. "వంగాం కదూ?"

"కాదు. ఒంటికాలి మీద నిలబడ్డాం. రోజూ చేసేదేగా, నీ బుర్రలో ఎందుకు నిలవదు?"

"నేనే నిలవలేక ఊగిపోతుంటే, అది మాత్రం ఎక్కడ నిలుస్తుందే."

చిటపటకు నవ్వు రాలేదు.

అమ్మమ్మ కళ్ళజోడు, తాళాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోతూ ఉంటే, నడక, నిద్ర, యోగా మంచివని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి పక్కింటి యోగా అత్త పొద్దున్నే వచ్చి నేర్పిస్తోంది. "ఇది మంత్రం కాదమ్మా, ఒక్కరోజులో మారిపోవడానికి. ఊపిరి మీద మనసు పెట్టడం, తర్వాత ఏ ఆసనమో గుర్తుంచుకోవడం, ఇవన్నీ మెదడుకు కసరత్తు. కంగారు తగ్గితే జ్ఞాపకానికీ మంచిదే," అంది.

అంత చెబితే చిటపట చెవికెక్కింది 'కసరత్తు' ఒక్కటే. కసరత్తు అంటే బరువు పెంచుకుంటూ పోవాలి కదా.

అమ్మమ్మకు ఒక అలవాటు ఉంది. కుట్టడానికి వచ్చిన ప్రతి బట్టకూ ఒక రంగు దారం ముడివేస్తుంది. ఆకుపచ్చ పోస్ట్‌మాన్‌ది. పసుపు బేకరీ ఆయనది. ఆ రోజు బల్ల మీద ఇద్దరివీ కొత్త ప్యాంట్లు ఉన్నాయి. రెండూ నలుపే, పొడవూ ఒకటే. బేకరీ ఆయన పొట్టి కాబట్టి ఆయనది మాత్రం జానెడు మడవాలి.

'ఈ దారాలుంటే అమ్మమ్మ బుర్ర పనెందుకు చేస్తుంది?' అనుకుంది చిటపట. అమ్మమ్మ మంచినీళ్ళకు లేవగానే రెండు దారాలూ కత్తిరించి పారేసింది. ఏది ఎవరిదో తనకు గుర్తుందిలే అని ఆడుకోవడానికి పోయింది. తిరిగొచ్చిన అమ్మమ్మ దారాల కోసం చూడకుండానే చేతికందిన ప్యాంటు మడిచి కుట్టేసింది.

సాయంత్రం పోస్ట్‌మాన్ వచ్చి, బల్ల మీద పైనున్న ప్యాంటు తీసి నడుముకు ఆనించి చూసుకున్నాడు. అది పిక్కల దగ్గరే ఆగిపోయింది.

"ఏంటి పెద్దమ్మా ఇది? రేపు ఇది తొడుక్కుని డ్యూటీకి వెళ్తే కుక్కలు కూడా నవ్వుతాయి. ఇది నాదేనా?"

అమ్మమ్మ రెండు ప్యాంట్లూ తిరగేసింది. దారాల్లేవు.

"ముడివెయ్యడం మరిచిపోయినట్టున్నాను బాబూ. ఇక నా వల్ల కాదు." మిషను మీద కవరు కప్పేసింది. "ఆ యోగా అత్తను కూడా రావద్దని చెప్పు," అంది మనవరాలితో.

చిటపటకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. "నువ్వేం మరిచిపోలేదు. దారాలు కత్తిరించింది నేను," అని అరిచింది.

పోస్ట్‌మాన్ ముఖం ఎర్రబడింది. "నువ్వా? అయితే చెప్పు, ఏది నాది? త్వరగా."

చిటపట నోరు తెరిచింది. ఇందాకటి దాకా తెలుసు. కానీ ఆయన అలా చూస్తుంటే బుర్రంతా తుడిచేసిన పలకలా ఉంది.

"చెప్పవేం? ఇందాకటి సంగతేగా?"

ఆ గొంతు అచ్చం తన గొంతులాగే ఉంది. రోజూ తను అమ్మమ్మను అడిగే గొంతు. చిటపట కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కాస్త ఆగు బాబూ," అంది అమ్మమ్మ. మనవరాలి వీపు మీద చెయ్యి వేసింది. "ఊపిరి పీల్చు. ఇప్పుడు మెల్లగా వదులు. తొందరేం లేదు."

పీల్చింది. వదిలింది. మళ్ళీ పీల్చింది. తలలోని గోల కాస్త తగ్గింది.

"ఆకుపచ్చ దారం తీస్తుంటే కత్తెర తగిలింది. జేబు అంచున చిన్న గాటు పడింది."

అమ్మమ్మ వెతికింది. గాటు పొట్టిదైన ప్యాంటుకే ఉంది.

"నాదే," అన్నాడు పోస్ట్‌మాన్ నీరసంగా.

"నేను గుడ్డ కత్తిరించను బాబూ, లోపలికి మడుస్తాను. విప్పితే మళ్ళీ పొడవే."

"నేను విప్పుతాను," అంది చిటపట. ఒక్కో కుట్టూ విప్పేసరికి వేళ్ళు నొప్పెట్టాయి. తర్వాత అమ్మమ్మ మిషను మీద కవరు తీసింది.

మర్నాడు పొద్దున యోగా అత్త వచ్చేసరికి చిటపట రెండు మ్యాట్లు పరిచి ఉంచింది. తీసుకెళ్ళడానికి సిద్ధంగా ఉన్న రెండు ప్యాంట్లకూ కొత్త దారాలు ముడివేసి ఉన్నాయి.

అమ్మమ్మ చేతులు పైకెత్తి దించింది. ఆ తర్వాత ఆగిపోయింది. గోడకేసి చూసింది.

చిటపటకు కోపం గొంతు దాకా వచ్చింది. ఊపిరి పీల్చుకుంది. అమ్మమ్మ పక్కనే మెల్లగా ఒక కాలు ఎత్తింది. అటూ ఇటూ ఊగింది.

అమ్మమ్మ అది చూసి నవ్వి, తనూ కాలు ఎత్తింది. పడకుండా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఈమధ్య మాటిమాటికీ మరిచిపోతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఈ పుస్తకం పక్కన పెట్టి, ఒకసారి వెళ్ళి చూసి రండి. ఏమీ అడగవద్దు. కాసేపు పక్కన కూర్చోండి.